టెస్టులో 140 వస్తోంది, కాల్‌లో మాట తెగిపోతోంది

ప్రశ్న: మాది గుంటూరు. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. 150 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ తీసుకున్నాం. ఎప్పుడు స్పీడ్ టెస్ట్ చేసినా 140కి తగ్గదు. కానీ సాయంత్రం ఏడు దాటాక మా పాప ఆన్‌లైన్ క్లాసులో బొమ్మ ఆగిపోతుంది. వెబ్‌సైట్లు తెరుచుకునే ముందు గిర్రున తిరుగుతూ ఉంటాయి. మా వారు అమెరికా క్లయింట్‌కి రాత్రి షిఫ్టు చేస్తారు. అర్ధరాత్రి దాటాక ఆయన మాట అవతలివాళ్లకి ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట, వాళ్ల మాట మాత్రం ఆయనకి బాగానే వినిపిస్తుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే టెస్ట్ చేయించి, "స్పీడ్ వస్తోంది కదండీ, మా వైపు అంతా ఓకే, కావాలంటే 300 ప్లాన్‌కి మారండి" అంటున్నారు. మారమంటారా? ఇంట్లో నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక స్మార్ట్ టీవీ, గుమ్మం దగ్గరా బాల్కనీలోనూ రెండు వైఫై కెమెరాలు ఉన్నాయి.

జవాబు: మారకండి. కనీసం నేను చెప్పే ఒక పరీక్ష చేసేదాకా 300 ప్లాన్‌కి డబ్బు కట్టకండి.

సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీ వారి మాట అవతలికి ముక్కలవుతోంది, అవతలివాళ్ల మాట ఇటు బాగా వస్తోంది అన్నారు. ఆ ఒక్క వాక్యం మీ 140 కంటే ఎక్కువ సంగతి చెబుతోంది. బయటి నుంచి ఇంట్లోకి వచ్చే దారి బాగుంది, ఇంట్లోంచి బయటికి వెళ్లే దారి ఎక్కడో నిండిపోతోంది. డౌన్‌లోడ్ అంకె రాశారు గానీ దాని పక్కనే ఉండే అప్‌లోడ్ అంకె రాయలేదు. చాలామంది దాన్ని చూడరు, ప్లాన్ అమ్మేవాళ్లు కూడా డౌన్‌లోడ్ గురించే మాట్లాడతారు కాబట్టి. ఈసారి టెస్ట్ చేసినప్పుడు ముందు దాన్ని చూడండి. కొన్ని ప్లాన్లలో అప్‌లోడ్ కూడా 150 ఉంటుంది. కొన్నింటిలో, ముఖ్యంగా పాత కేబుల్ టీవీ తీగ మీద వచ్చే నెట్‌లో, అది పదోవంతు కూడా ఉండకపోవచ్చు.

స్పీడ్ టెస్ట్ అబద్ధం చెప్పదు. అది అడిగిన ప్రశ్న వేరు, మీ బాధ వేరు. టెస్ట్ నొక్కగానే ఆ యాప్ మీకు దగ్గర్లో, తక్కువ సమయంలో జవాబిచ్చే సర్వర్‌ను వెతుక్కుంటుంది. చాలాసార్లు అది మీకు నెట్ ఇచ్చే కంపెనీ తన నెట్‌వర్క్ లోపలే పెట్టుకున్న సర్వర్ అవుతుంది. అక్కడి నుంచి ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరిచి, పది పదిహేను సెకన్లపాటు పెద్ద పెద్ద డేటా ముద్దలను లాగి, సెకనుకి ఎంత వచ్చిందో లెక్క చెబుతుంది. ఖాళీ దారిలో, దగ్గరి ఊరికి, పెద్ద సరుకు ఎంత వేగంగా వస్తుందన్నదే ఆ అంకెకి అర్థం. మీ వారి కాల్‌కి కావలసింది పెద్ద సరుకు కాదు. ఒక వీడియో కాల్‌కి 3, 4 ఎంబీపీఎస్ చాలు. మాట ఒక్కదానికైతే 0.1 సరిపోతుంది. 140లో అది లెక్కలోకే రాదు. ఆ కాస్త డేటా సమయానికి చేరాలి, అంతే. చేరడానికి పట్టే సమయాన్నే లేటెన్సీ అంటారు, మిల్లీసెకన్లలో కొలుస్తారు. మాట ఒక చివరి నుంచి ఇంకో చివరికి 150 మిల్లీసెకన్ల లోపు చేరితే సంభాషణ సాఫీగా సాగుతుందనీ, 400 దాటితే పనికిరాదనీ అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఎప్పుడో లెక్క కట్టి పెట్టింది.

వెబ్‌సైటు తెరుచుకునే ముందు గిర్రున తిరగడం కూడా ఇందులో భాగమే. పేజీలో మొదటి అక్షరం మీ తెర మీదికి రాకముందే మీ ఫోను మామూలుగా నాలుగుసార్లు బయటికి వెళ్లి రావాలి: సైట్ పేరుకి చిరునామా కనుక్కోవడానికి ఒకసారి, సర్వర్‌తో కనెక్షన్ కలపడానికి ఒకసారి, డేటాను గుట్టుగా ఉంచే తాళంచెవులు మార్చుకోవడానికి ఒకసారి, పేజీ ఇవ్వమని అడగడానికి ఇంకోసారి. ఒక్కో రాకపోకకి 8 మిల్లీసెకన్లు పడితే మొత్తం 32, కంటికి తెలియదు. అదే రాకపోకకి 400 పడితే 1,600 మిల్లీసెకన్లు, అంటే సెకనున్నర పైనే తెల్ల తెర. ఆ తరువాత పేజీలోని బొమ్మలకీ ప్రకటనలకీ వేరే వేరే చిరునామాలకి మళ్లీ అదే తంతు. దారి 150 అయినా 300 అయినా ఈ నాలుగు రాకపోకలు తగ్గవు.

మరి 8 కాస్తా 400 ఎలా అవుతుంది? మిర్చి యార్డు మీకు దగ్గరే కాబట్టి అక్కడి సంగతే చెబుతాను. సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నింపుకున్న లారీలు గేటు ముందు బారులు తీరి ఉంటాయి. ఆ వరుసలో ఒక రైతు చేతిలో చిన్న మచ్చు సంచి పట్టుకుని నిలబడ్డాడనుకోండి. అతని పని అర నిమిషమే. కానీ ముందున్న లారీలన్నీ కదిలితే గానీ అతని వంతు రాదు. మీ రౌటర్‌లో జరిగేది ఇదే. ఇంట్లో ఎవరి ఫోనో వీడియోలను క్లౌడ్‌కి ఎక్కిస్తుంటే, ఆ డేటా అంతా రౌటర్ లోపలి మెమరీలో వరుసకట్టి నిలబడుతుంది. మీ వారి మాట తాలూకు చిన్న ప్యాకెట్టు (డేటా ముక్క) ఆ వరుస చివరికి వెళ్లి నిలబడాల్సిందే.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. యూనిక్స్ కంప్యూటర్ల తెర మీద కిటికీలు చూపించే ఎక్స్ విండో వ్యవస్థను రూపొందించినవాళ్లలో ఒకరైన జిమ్ గెటీస్ 2010లో తన ఇంటి నెట్‌లోనే దీన్ని గమనించి, అందరి దృష్టికీ తెచ్చాడు. మెమరీ చౌక అయ్యేసరికి రౌటర్ తయారీదారులు ఒక్క ప్యాకెట్టు కూడా పోకూడదని పెద్ద పెద్ద బఫర్లు, అంటే ఆ వరుస నిలబడే మెమరీ, పెట్టేశారు. నిజానికి అప్పుడప్పుడు ఒక ప్యాకెట్టు పోతేనే పంపేవాడికి "దారి నిండింది, నెమ్మదించు" అని తెలుస్తుంది. ఏదీ పోకుండా అన్నిటినీ దాచిపెడితే పంపేవాడు ఆగకుండా తోస్తూనే ఉంటాడు, వరుస పెరుగుతూనే ఉంటుంది. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కలిసి దీనికి కోడెల్ అనే మందు కనిపెట్టారు. వరుస ఎంత పొడవుందని కాక, ఒక్కో ప్యాకెట్టు అందులో ఎంతసేపు నిలబడిందని చూసి, అవసరమైతే కొన్నింటిని కావాలనే వదిలేసే పద్ధతి అది. దాని మీద కట్టినవి ఇప్పుడు ఉచితంగానే దొరుకుతాయి. అయినా ఇంటికి వచ్చి ఇన్‌స్టాల్ చేసి వెళ్లే మామూలు డబ్బాల్లో చాలావాటిలో ఇవి కనిపించవు. ఇంత మంచి పరిష్కారం ఉండి కూడా జనం ఇంకా పెద్ద ప్లాన్లు కొనాల్సి రావడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక పరీక్ష. ఒక ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో నేరుగా రౌటర్‌కి కలపండి. ఆ ల్యాప్‌టాప్‌లో మాత్రం వైఫై ఆపేయండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిషు అక్షరాల్లో పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి 8.8.8.8 కొట్టి, ఇంకో ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి టి అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. సెకనుకో వరుస వస్తూ ఉంటుంది. ప్రతి వరుసలో టైమ్ అన్న మాట పక్కన ఒక అంకె ఉంటుంది, గూగుల్ సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టిన మిల్లీసెకన్లు. దీన్నే పింగ్ అంటారు. గుంటూరు నుంచి ఫైబర్ మీద అది 10 నుంచి 30 లోపు ఎక్కడో నిలకడగా ఉండాలి. ఒక నిమిషం చూడండి. అలా నడుస్తుండగానే మీ ఫోన్‌లోంచి ఒక పెద్ద వీడియో, ఒక జీబీ పైన ఉండేది, గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టండి. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెర మీద ఆ అంకె ఏం చేస్తోందో చూడండి. 14, 13, 15 అని వస్తున్నది 90, 260, 410, 480 అని ఎక్కుతూ పోయి, వీడియో ఆపగానే రెండు మూడు సెకన్లలో మళ్లీ 14కి వచ్చిందంటే దొంగ దొరికినట్టే. అప్‌లోడ్ నడుస్తున్నప్పుడు కూడా అంకె 40, 50 దాటలేదంటే మీ ఇబ్బంది ఇది కాదు. అప్పుడు కింద వైఫై గురించి రాసింది చూడండి.

కమాండ్ కొట్టడం ఇబ్బంది అనుకుంటే నెట్‌ఫ్లిక్స్ వాళ్ల ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. టెస్ట్ అయ్యాక "మరింత సమాచారం" అన్న మీట నొక్కితే లేటెన్సీ రెండు రకాలుగా చూపిస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, దారి నిండినప్పుడు ఎంత అని. ఊక్లా స్పీడ్ టెస్ట్ యాప్ కూడా ఇప్పుడు పింగ్‌ను మూడుగా విడదీసి చూపిస్తోంది: ఖాళీగా, డౌన్‌లోడ్ నడుస్తుండగా, అప్‌లోడ్ నడుస్తుండగా. మూడో అంకె మీకు ముఖ్యం. కస్టమర్ కేర్ వాళ్లు అడిగేది మాత్రం ఎప్పుడూ డౌన్‌లోడ్ అంకె ఒక్కటే. అది కూడా సాధారణంగా మీరు పగలు ఫోన్ చేసినప్పుడు, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు.

మీ ఇంట్లో అప్‌లోడ్ ఎవరు నింపుతున్నారు? మీరు రాసిన సమయాలను బట్టి చూస్తే రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు అనిపిస్తోంది.

అర్ధరాత్రిది ముందు చూద్దాం. ఇంట్లో అందరూ పడుకునే ముందు ఫోన్లు చార్జింగ్‌కి పెడతారు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఆన్ చేసి ఉంటే అది మామూలుగా తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో దానంతటదే మొదలవుతుంది. ఐఫోన్ అయితే చార్జింగ్‌లో ఉండి, లాక్ అయి, వైఫైలో ఉన్నప్పుడు ఐక్లౌడ్ బ్యాకప్ చేస్తుంది. గూగుల్ ఫొటోస్ పగలు తీసిన వీడియోలన్నీ వైఫై దొరకగానే ఎక్కించడం మొదలుపెడుతుంది. వీటిని తయారుచేసినవాళ్లు రాత్రిపూట ఇంట్లో ఎవరూ నెట్ వాడరని అనుకున్నారు. అమెరికా షిఫ్టు చేసేవాళ్ల ఇంట్లో అది సరిగ్గా ఆఫీసు నడిచే వేళ. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లలో రాత్రి ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఈ ఇబ్బంది మామూలు. వాట్సాప్‌లో వీడియోలను బ్యాకప్‌లో కలపవద్దని ఆపేయండి, చాలావరకు బరువు అక్కడే తగ్గుతుంది. గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌ను మీ వారు నిద్రపోయే ఉదయం పూట ఆన్ చేసుకుని, సాయంత్రం ఆపండి. కాస్త శ్రమే, కానీ ఒక వారం చేసి చూస్తే తేడా తెలిసిపోతుంది. మీ వారి ల్యాప్‌టాప్‌లో వన్‌డ్రైవ్ ఉంటే దాని సెట్టింగుల్లో అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టే వీలుంది. ఆఫీసు వాళ్లు తాళం వేసి ఉంచితే వాళ్లనే అడగాలి.

సాయంత్రానిది కెమెరాల పని కావచ్చు. కార్డులోనో డీవీఆర్‌లోనో రికార్డు చేసుకునే కెమెరా మామూలప్పుడు నెట్ వాడదు. క్లౌడ్‌కి పంపే రకమైతే, పెట్టిన నాణ్యతను బట్టి ఒక్కోటి 1 నుంచి 4 ఎంబీపీఎస్ దాకా పైకి పంపుతుంది. కదలిక కనిపించినప్పుడే పంపే రకాలు సాయంత్రం ఏడు, తొమ్మిది మధ్య, గుమ్మం ముందు అందరూ తిరిగే వేళ, దాదాపు ఆగకుండా పంపుతూనే ఉంటాయి. మీ అప్‌లోడ్ 10 లోపు ఉంటే రెండు కెమెరాలే దాన్ని మింగేస్తాయి. కెమెరా యాప్‌లో వీడియో నాణ్యతను ఒక మెట్టు దించండి, కదలికను గుర్తించే చోటును లిఫ్టు వైపు కాకుండా మీ గుమ్మం వరకే కుదించండి. అనుమానం తీర్చుకోవడానికి ఇంకా తేలిక మార్గం ఉంది: పాప క్లాసు నడిచే గంటసేపు రెండు కెమెరాల ప్లగ్గులూ తీసేసి చూడండి.

శాశ్వతంగా సరిచేయాలంటే రౌటర్‌కే చెప్పాలి. సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం అని గానీ, కేక్ లేదా ఎఫ్‌క్యూ కోడెల్ అని గానీ (పైన చెప్పిన కోడెల్ తరహా మందులే) ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ హద్దును మీకు నిజంగా వచ్చే దానిలో 85, 90 శాతానికి పెట్టండి. 20 వస్తుంటే 17 లేదా 18. ఆ కాస్త వదులుకోవడం వల్ల వరుస కంపెనీ డబ్బాలో కాకుండా మీ అదుపులో ఉన్న రౌటర్‌లో తయారవుతుంది, దాన్ని అది తెలివిగా నడుపుతుంది. మీకు ఇచ్చిన డబ్బాలో ఈ ఏర్పాటు లేకపోతే, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిచే సొంత రౌటర్ ఒకటి కొని, కంపెనీ డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మీ సొంత రౌటర్‌కే వదిలేసేలా) పెట్టమని వాళ్లనే అడగవచ్చు. 300 ప్లాన్‌కి ఏడాది పొడవునా కట్టే అదనపు డబ్బు కంటే ఇది మంచి ఖర్చు. క్యూఓఎస్ అన్న పేరుతో కొన్ని రౌటర్లలో ఉండేది వేరు. అందులో ఏ యాప్ ముందో, ఏది వెనకో మీరే చెప్పాలి. దాని వల్ల కొన్నిసార్లు మేలు, కొన్నిసార్లు ఏ తేడా ఉండదు.

తీగ మీద పింగ్ నిలకడగా ఉండి, వైఫైలో మాత్రం ఎగిరిపడుతుంటే కథ వేరే. ఇంతకీ ఆ స్పీడ్ టెస్ట్ ఎక్కడ నిలబడి చేశారు? హాల్లో రౌటర్ పక్కన చేసి ఉంటే, ఆ 140 హాలుది. మీ వారు పనిచేసే గది లెక్క వేరు. మన ఇళ్లలో రౌటర్ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది వైరు లాగిన కుర్రాడే. కిటికీలోంచి తీగ వచ్చిన చోట, టీవీ వెనకో, ఇన్వర్టర్ పైనో మేకు కొట్టి తగిలించి వెళ్తాడు. మధ్యలో ఒక ఇనప బీరువా, రెండు కాంక్రీటు గోడలు. బీరువా రేకు వైఫైని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం బిగించిన డ్రెస్సింగ్ టేబులూ తక్కువేమీ కాదు. రౌటర్‌ను గుండె ఎత్తులో, తెరిచిన చోట, పనిచేసే గది తలుపుకి ఎదురుగా ఉండేలా మార్చమని అడగండి. ఫైబర్ తీగ నాలుగైదు మీటర్లు పొడిగించడం వాళ్లకి చిన్న పనే.

రౌటర్ రెండు వైఫైలు ఇస్తుంది. పేరు చివర 5జీ అని ఉన్నది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ రేడియో. అది వేగంగా ఉంటుంది, గోడలు దాటలేదు. రెండోది 2.4 గిగాహెర్ట్జ్, గోడలు దాటుతుంది గానీ అపార్ట్‌మెంట్‌లో అది సంత. ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు అందులో 1, 6, 11 మూడే. పై అంతస్తు, కింద అంతస్తు, పక్క ఫ్లాటు, అందరి రౌటర్లూ ఆ మూడింట్లోనే మాట్లాడుకోవాలి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. మీరు సాయంత్రం ఏడు తరువాత అన్నారు చూశారా, సరిగ్గా అప్పుడే బిల్డింగ్ మొత్తం ఇంటికి చేరుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది, అది తిరుగుతున్నంతసేపూ ఆ పక్కన వైఫై కుంటుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌లు రెండూ, టీవీ 5లో ఉంచండి. కెమెరాలు ఎలాగూ 2.4 తప్ప ఎక్కువగా తెలియని జాతి, వాటిని అక్కడే వదిలేయండి.

ఇంకా మంచిది, మీ వారి బల్ల దాకా క్యాట్ 6 ల్యాన్ తీగ ఒకటి లాగించండి. జీతం వచ్చే పని వైఫై మీద నడపకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అప్పుడు టెస్ట్ ఎప్పుడూ 93, 95 మధ్యే ఆగిపోతుంటే రౌటర్ పోర్టో, ల్యాప్‌టాప్ పోర్టో, తీగో 100 రకం అని అర్థం. అది ఆ తీగ హద్దు, నెట్‌ది కాదు. రిపీటర్ పేరుతో అమ్మే చిన్న ప్లగ్గు డబ్బాలు కొనకండి. ఒకే రేడియోతో విని అదే రేడియోతో తిరిగి చెప్పే రకాలు వేగాన్ని సగానికి సగం తినేస్తాయి.

కొన్నిసార్లు ఇవేవీ కాకుండా చిరునామా కనుక్కునే దగ్గరే ఆలస్యం అవుతుంది. గుర్తు ఏమిటంటే, ముందు అయిదారు సెకన్లు ఏమీ జరగదు, తరువాత పేజీ మొత్తం ఒక్కసారిగా దూకుతుంది. ఒకసారి తెరిచిన సైట్ రెండోసారి వెంటనే తెరుచుకుంటుంది. రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి చిరునామా చెప్పే సర్వర్) అంకెను 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ చేసి ఒక రోజు చూడండి. మొదటిది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, 2018 నుంచి ఉంది. రెండోది గూగుల్‌ది, 2009 నుంచి. ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి పోయే రహస్య దారి) ఎక్కాక తన సొంత డీఎన్‌ఎస్ వాడుతుంది, దాన్ని ముట్టుకోకండి.

వీపీఎన్‌కి సంబంధించి ఇంకొక చిక్కు ఉంది, ఇది చాలామంది సర్వీస్ ఇంజినీర్లకి కూడా తట్టదు. మీ రౌటర్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి నెట్ కలిసే పద్ధతి, అంటే పీపీపీఓఈ, ఉంటే ప్రతి ప్యాకెట్టులో 8 బైట్లు దానికే పోతాయి. మామూలుగా 1,500 బైట్లు పట్టే ప్యాకెట్టు 1,492 మాత్రమే పడుతుంది. దాని పైన వీపీఎన్ తన పెట్టె తొడిగితే ఇంకా తగ్గుతుంది. మధ్యలో ఏదో యంత్రం "ఇది పెద్దది, చిన్నది చేసి పంపు" అన్న కబురును ఆపేస్తే, చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, పెద్దవి మాయమవుతాయి. వీపీఎన్ కలుస్తుంది, చాట్ నడుస్తుంది, ఫైలు తెరిస్తే మాత్రం బిగుసుకుపోతుంది. మీ వారికి ఇలా జరుగుతోందా అని అడగండి. జరుగుతుంటే రౌటర్‌లో ఎంటీయూ (ప్యాకెట్టు గరిష్ఠ సైజు) 1,492 ఉందో లేదో చూసి, వీపీఎన్ వైపు 1,400కి దించమని ఆఫీసు ఐటీ వాళ్లకి చెప్పండి.

దూరం మాత్రం ఎవరూ తగ్గించలేరు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన దగ్గర్నుంచి అమెరికా తూర్పు తీరం గీత గీసినట్టు పోయినా 13,000 కిలోమీటర్ల పైమాటే. వెళ్లి రావడానికి కాంతికే 130 మిల్లీసెకన్లు కావాలి. సముద్రం కింది కేబుళ్ల వంకర దారులు, మధ్యలో యంత్రాలు కలిపి నిజంలో 200 దాటుతుంది. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన దేశం నుంచి పడమటికి పోయే దారులు ఇరుకై ఇంకా ఆలస్యం అయింది. అలాంటి రోజుల్లో మీ రౌటర్ ముందు కూర్చుని ఏం చేసినా లాభం లేదు. క్లయింట్ సర్వర్లు ఎక్కడున్నాయో తెలుసుకుని, స్పీడ్ టెస్ట్‌లో సర్వర్‌ను గుంటూరు, విజయవాడ కాకుండా ఆ ఊరు ఎంచుకుని ఒకసారి కొలవండి. కంప్యూటర్ మీద ఊక్లా సైట్‌లో అయితే మల్టీ, సింగిల్ అని రెండు మీటలుంటాయి, సింగిల్ నొక్కండి. ఎక్కువ కనెక్షన్లు తెరిచే టెస్ట్ దారిలోని లోపాన్ని కప్పేస్తుంది. ఒకే కనెక్షన్, 200 మిల్లీసెకన్ల దూరం, దారిలో నూటికి ఒక ప్యాకెట్టు పోతోందనుకోండి. పాతకాలపు టీసీపీ (నెట్‌లో డేటా పంపే పద్ధతి) లెక్కలో దాని వేగం 1 ఎంబీపీఎస్ కూడా అందుకోదు, మీ ప్లాన్ 150 అయినా 1,000 అయినా.

ప్యాకెట్లు పోతున్నాయా అన్నది మీ పింగ్ తెరలోనే కనిపిస్తుంది. "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అన్న వరుసలు మధ్యమధ్యలో వస్తుంటే లెక్కపెట్టండి. తీగతో కలిపి ఉండగా, ఇంట్లో ఎవరూ ఏమీ ఎక్కించకుండా ఉండగా కూడా వస్తుంటే అది కంపెనీ వైపు సంగతి. రౌటర్ లోపలి పేజీలో ఆర్ఎక్స్ పవర్ అని ఒక అంకె ఉంటుంది, మైనస్ గుర్తుతో. ఫైబర్‌లోంచి అందే వెలుగు బలం అది. మైనస్ 15, మైనస్ 22 మధ్య ఉంటే హాయి. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే వెలుగు సరిగా అందడం లేదు. టీవీ వెనక తీగను మడిచి తొక్కిపెట్టి ఉండొచ్చు, కనెక్టర్‌లో దుమ్ము ఉండొచ్చు, బయట స్తంభం మీద డబ్బాలోకి వాన నీళ్లు దిగి ఉండొచ్చు. తీగ మడత మాత్రం మీరే విప్పి చూడొచ్చు. కనెక్టర్ చివరను చొక్కా అంచుతో తుడవకండి, గీత పడితే మొత్తం మార్చాలి.

ఇవన్నీ సరిగా ఉండి, తీగ మీద కూడా రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా రోజూ పింగ్ పెరుగుతోందంటే మీ వీధిలో లైను నిండిపోయింది. ఇళ్లకి మామూలుగా వచ్చే జీపాన్ రకం ఫైబర్‌లో 2.5 గిగాబిట్ల ఒకే వెలుగును 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి, ఆ పైన కంపెనీ తన ఊరి లైనుకి ఎంత కొనుక్కుందో అంతే. అప్పుడు కస్టమర్ కేర్‌కి స్పీడ్ గురించి మాట్లాడకండి. మాట్లాడితే మళ్లీ టెస్టే చేయిస్తారు. "లేటెన్సీ, ప్యాకెట్ లాస్ ఫిర్యాదు రాసుకోండి" అని ఆ రెండు మాటలే వాడండి. ఉదయం పదకొండుకి ఒక పింగ్ తెర, రాత్రి తొమ్మిదికి ఒకటి, రెండూ ల్యాన్ తీగ మీద తీసినవి, గడియారం కనిపించేలా ఫొటో తీసి పంపండి. డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) ఇచ్చేదాకా ఫోన్ పెట్టకండి. గడువులోపు పని జరగకపోతే ఆ నంబరుతోనే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి (అప్పీలు వినే విభాగానికి) రాయొచ్చు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలోనూ అది ఉండి తీరాలి, ఫీజు లేదు. అక్కడా తేలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈలోగా పక్క ఫ్లాటులో వేరే కంపెనీ నెట్ ఉంటే, వాళ్ల అనుమతితో రాత్రి తొమ్మిదికి అదే పింగ్ పరీక్ష వాళ్ల రౌటర్ మీద చేసి చూడండి. అక్కడ అంకె కదలకపోతే ప్లాన్ పెంచే డబ్బుతో కంపెనీ మార్చేయండి.